బోన్సాయ్ కుండీల్ల ఉడుతల తవ్వకం ఎట్ల ఆపాలె?

ప్రశ్న (నల్గొండ): డాబా మీద జువ్వి, రావి బోన్సాయ్‌లు (కుండీల్ల పొట్టిగ పెంచే చెట్లు) ఉన్నయి. ఉడుతలు మట్టి తవ్వుతున్నయి, నాచు పీక్కపోతున్నయి, సన్నవేర్లు బయటపడి ఎండుతున్నయి. కారం చల్లితే ఆగుతయా?

జవాబు: కారం నీళ్లు పోయంగనే కొట్టుకపోతది. ముందు ఎరువు చూడుర్రి. పల్లిచెక్క, ఎముకల పొడి పైన చల్లితే ఆ వాసనకే వస్తయి. చెక్కను నానబెట్టి, వడగట్టి, పలచగ చేసి పోయుర్రి.

తర్వాత అర అంగుళం కండ్లున్న జీఐ జాలీని (జింకు పూత పూసిన ఇనుప జాలీ) కుండీ లోపలి కొలతకు కత్తిరించి, ఒక దిక్కు మధ్యదాకా చీల్చి మట్టి మీద పరవాలె. మొదలు చుట్టూ వేలెడు సందు ఉండాలె. లేకుంటే కాండం లావైనకొద్దీ తీగ బెరడులకు దిగుతది, ఆ మచ్చ ఏండ్లకు గాని పోదు. అంచులను కింది రంధ్రాల నుంచి అల్యూమినియం తీగతో బిగించుర్రి.

ఇంకో జవాబు: చిట్టెలుకలు గూడ ఉంటే అర అంగుళం సాలదు, పావు అంగుళం తీసుకోండి. నైలాన్ వల మాత్రం వద్దు: కొరికేస్తయి, పాములు చిక్కుకుంటయి. ఎలుకల మందు అసలే పెట్టొద్దు, చచ్చిన ఎలుకను తిన్న పిల్లి, గుడ్లగూబ గూడ పోతయి.

ప్రశ్న అడిగినవారు: ఎండాకాలం జాలీ కాలదా?

జవాబు: కాలుతది. 50 శాతం షేడ్‌నెట్ (సగం ఎండను ఆపే నీడ వల) కింద పెట్టుర్రి.