ఫౌండర్ మాయమయ్యాడు, కాయిన్ మా నలుగురి నెత్తిన పడింది. ముందు ఏం చూసుకోవాలి?

సెగ్‌ఫాల్ట్_సుబ్బు

మూడేళ్లుగా ఒక చిన్న ప్రూఫ్ ఆఫ్ వర్క్ (మైనింగ్‌తో నడిచే) క్రిప్టో కాయిన్‌కి ఖాళీ టైమ్‌లో కోడ్ రాస్తున్నాను. పేరు చెప్పను, చెప్తే ధర మీద పుకార్లు మొదలవుతాయి. బిట్‌కాయిన్ కోర్ (బిట్‌కాయిన్ అసలు సాఫ్ట్‌వేర్) నుంచి ఎప్పుడో ఫోర్క్ చేసిన, అంటే కాపీ తీసుకుని వేరుగా నడిపిన కోడే. ఫౌండర్ ఐదు నెలలుగా పత్తా లేడు. గొడవేమీ జరగలేదు, డబ్బుతో ఉడాయించాడని కూడా అనలేను. ఆఖరి మెసేజ్ "వారంలో రిలీజ్ పెడదాం" అని. అంతే.

మిగిలింది నలుగురం. నాకు మెర్జ్ చేసే హక్కు ఉంది, అడ్మిన్ హక్కు లేదు. అంటే కోడ్ కలపగలను గానీ ఇంకొకరికి ఆ హక్కు ఇవ్వలేను. రిలీజ్ ఫైళ్ల మీద సంతకం చేసే పీజీపీ కీ అతని దగ్గరే ఉండిపోయింది. డెవలప్‌మెంట్ ఫండ్ మల్టీసిగ్‌లో ఉంది, మూడు కీలలో ఏ రెండైనా చాలు. తీరా చూస్తే అందులో రెండు అతనివేనట! (ఇది నాకు గత నెలలోనే తెలిసింది. సిగ్గుగానే ఉంది.)

గ్రూపులో జనం మాత్రం "కమ్యూనిటీ టేకోవర్" అని పండగ చేసుకుంటున్నారు. రెండు వారాలుగా కొత్త ఫౌండేషన్ పేరు మీద, లోగో మీద ఓటింగే ఓటింగ్. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. నాకేమో ఒకటే టెన్షన్: ఈలోగా పెద్ద బగ్ బయటపడితే ప్యాచ్ ఎవరి పేరు మీద ఇవ్వాలి? ఇచ్చినా జనం ఎందుకు నమ్మాలి? ఇలాంటిది దగ్గరుండి పడ్డవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

పాతనోడు

సుబ్బు గారూ, ఇంకో చిన్న చెయిన్‌లో నేను ఇదే పడ్డాను. ఓటింగ్ చేసుకునేవాళ్లను చేసుకోనివ్వండి, లేకపోతే వచ్చి కోడ్ మీద పడతారు.

మీరు ముందు డొమైన్ చూడండి. వెబ్‌సైట్‌ది కాదు, డీఎన్ఎస్ సీడ్లది (కొత్త నోడ్‌కి, అంటే కాయిన్ సాఫ్ట్‌వేర్ నడిపే కంప్యూటర్‌కి, మిగతా నోడ్ల చిరునామాలు చెప్పే సర్వర్లు). చెయిన్‌పారామ్స్ ఫైల్లో ఉంటాయి. మా దగ్గర ఏమైందంటే, ఫౌండర్ కార్డు గడువు తీరిపోయి డొమైన్ రెన్యూ కాలేదు. నడుస్తున్న నోడ్లకు చీమ కుట్టినట్టయినా లేదు, వాటి దగ్గర పాత పీర్ల (తోటి నోడ్ల) జాబితా ఉంటుంది కదా. కొత్తగా ఇన్‌స్టాల్ చేసినవాళ్లకే "0 కనెక్షన్లు" అని ఆగిపోయేది. కోడ్‌లోనే రాసిపెట్టిన ఐపీ చిరునామాలు ఆదుకోవాలి, వాటిలో ఒక్కటీ బతికి లేదు. పదకొండు రోజుల పాటు అది వాలెట్ బగ్ అనుకుని వాలెట్ కోడ్ అంతా తవ్విపోశాం. మాకంటే ముందు ఎవడైనా ఆ డొమైన్ కొనేసి, కొత్త నోడ్లన్నిటికీ తన నోడ్ల చిరునామాలే ఇచ్చి ఉంటే? తలుచుకుంటే ఇప్పటికీ చెమటలు పడతాయి.

సంతకం సంగతి. పాత కీ ఇక రాదనుకునే పని చేయండి. ఒక్కరి కీ బదులు ముగ్గురు వేర్వేరు మెషీన్ల మీద బిల్డ్ చేసి, హ్యాష్ (ఫైలు వేలిముద్ర లాంటిది) ఒకటే వచ్చాక ముగ్గురూ సంతకాలు పెట్టండి. బిట్‌కాయిన్ కోర్‌లో గ్విక్స్ అనే బిల్డ్ టూల్‌తో చేసేది ఇదే. మీ ఫోర్క్ మరీ పాతది కాకపోతే స్క్రిప్టులు చాలావరకు పనికొస్తాయి. మాకు హ్యాష్‌లు కలవడానికి రెండు నెలలు పట్టింది. చివరికి చూస్తే ఒక మహానుభావుడు ట్యాగ్ (రిలీజ్ అని గుర్తు పెట్టిన కోడ్) నుంచి కాకుండా దాని తర్వాతి కమిట్ (కోడ్ మార్పు) నుంచి బిల్డ్ చేస్తున్నాడు.

అలర్ట్ కీ (నోడ్లన్నిటికీ హెచ్చరిక పంపే కీ) ఇంకా మిగిలి ఉందేమో కూడా వెతకండి, పాత ఫోర్కుల్లో ఉంటుంది. బిట్‌కాయిన్ సృష్టించిన సతోషి పోతూ పోతూ, తర్వాత దాన్ని చూసుకున్న గావిన్ ఆండ్రీసెన్ చేతిలో పెట్టినవాటిలో అదొకటి. బిట్‌కాయిన్ వాళ్లు 2016లో ఆ వ్యవస్థనే వద్దనుకున్నారు. మీరు కూడా కొత్త కీ పెట్టుకోకుండా మొత్తం పీకేయండి.

ఫండ్‌కి నీళ్లొదులుకోండి.

పుల్‌రిక్వెస్ట్_పుల్లయ్య

అడ్మిన్ హక్కు కోసం ఎదురు చూడొద్దు. మొనెరో కాయిన్ 2014 ఏప్రిల్‌లో బిట్‌మొనెరో అనే పేరుతో మొదలైంది. మొదలుపెట్టిన ముసుగు మనిషికీ మిగతావాళ్లకీ పొసగలేదు. కొద్ది రోజుల్లోనే వాళ్లు కోడ్ ఫోర్క్ చేసుకుని, పేరు కుదించి, అదే చెయిన్‌ని నడిపించుకున్నారు. టెలిగ్రామ్ మొదలుపెట్టిన టాన్ చెయిన్ కథ వేరు. ఎస్ఈసీ (అమెరికా షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ) కేసు వల్ల 2020లో టెలిగ్రామ్ తప్పుకుంది, బయటి డెవలపర్లు టెస్ట్‌నెట్‌ని (పరీక్షల కోసం నడిపే చెయిన్‌ని) ఆగిపోకుండా చూసుకున్నారు, 2021లో డొమైన్, గిట్‌హబ్ ఖాతా టెలిగ్రామే వాళ్లకు అప్పజెప్పింది. అక్కడ అప్పజెప్పేవాడంటూ ఉన్నాడు. మీకు లేడు.

ఫండ్ విషయంలో మాత్రం పాతనోడు గారితో ఒప్పుకోను. హార్డ్‌ఫోర్క్‌లో (అందరూ కొత్త సాఫ్ట్‌వేర్‌కి మారాల్సిన రూల్స్ మార్పులో) ఆ డబ్బు కొత్త మల్టీసిగ్‌కి మార్చేయొచ్చు. 2020 మార్చిలో స్టీమ్ అనే చెయిన్ నుంచి హైవ్ విడిపోయినప్పుడు స్టీమిట్ కంపెనీ వాటాని కొత్త చెయిన్‌లోకి రానివ్వలేదుగా?

హ్యాష్‌రావు

చిన్న మైనింగ్ పూల్ (మైనర్లు కలిసి తవ్వుకునే సర్వర్) నడుపుతాను. ఫండ్ ముట్టుకునే రిలీజ్ అయితే నా పూల్‌లో వేయను, ముందే చెప్తున్నా. స్టీమ్‌లో వాళ్లకి ఎదురుగా ఆ కంపెనీ రూపంలో శత్రువు ఉన్నాడు. ఇక్కడ మనిషి కనపడట్లేదు, అంతే. రేపు ఆస్పత్రి మంచం మీంచి లేచొస్తే ఏం చెప్తారు?

బగ్ ఫిక్స్ అయితే సంతకం ఎవరిదన్నది తర్వాత, ముందు డిఫ్ (కోడ్‌లో మారిన లైన్లు) చదువుతాను. చిన్నగా ఉంటే అరగంటలో వేసేస్తా. అందులో లోగో మార్చే కమిట్లు కలపకండి, దండం పెడతా.

సెగ్‌ఫాల్ట్_సుబ్బు

చూశాను. నాలుగు సీడ్లలో రెండు చచ్చిపోయి ఎన్నాళ్లయిందో ఎవరికీ తెలియదు. ఒకటి ఫౌండర్ డొమైన్ మీద ఉంది, దాని గడువు ఇంకా 47 రోజులు. నాలుగోది మా నలుగురిలోనే ఒకావిడ సర్వర్ మీద నడుస్తోంది, ఆ సంగతి ఆవిడకే గుర్తు లేదు! ఇవాళే ఇంకో ఇద్దరం మా సొంత డొమైన్ల మీద సీడర్లు పెట్టాం.

అలర్ట్ కీ కూడా ఉంది. పీకేస్తూ పుల్ రిక్వెస్ట్ (మార్పు కలపమని విన్నపం) పెట్టాను. హ్యాష్‌రావు గారూ, లోగో లేదు. ఫండ్ మేం ముట్టుకోం, పుల్లయ్య గారు ఏమీ అనుకోవద్దు, మా నలుగురిలో ఇద్దరికి అసలు మనసొప్పలేదు.

ఒక్క సందేహం. గ్విక్స్‌కి కావలసిన లినక్స్ మెషీన్లు మాలో ఇద్దరికే ఉన్నాయి. మూడో బిల్డ్ వర్చువల్ మెషీన్‌లో చేస్తే లెక్కలోకి వస్తుందా?

పాతనోడు

వస్తుంది. మీ ఇద్దరి మెషీన్ల మీద కాకుండా ఆ మూడో మనిషి సొంత మెషీన్‌లో పెట్టాలి, అంతే. డిస్క్ మాత్రం ధారాళంగా ఇవ్వండి, గ్విక్స్ బకాసురుడు.