తాళం వేసే వార్డుల చేర్పిస్తే ఏం పంపాలె, ఏం చెప్పాలె?

నల్లగొండ ఆడబిడ్డ:
తమ్ముణ్ణి ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రిల చేర్పించుమన్నరు. తాళం వేసే వార్డంట. సంచిల ఏం పెట్టాలె? ఫోన్ మాట్లాడనిస్తరా? గుండు గీస్తరు, గొలుసులేస్తరు అని అమ్మ ఒకటే ఏడుస్తున్నది.

వార్డు నర్సు:
అక్కా, సంచి కన్న ముందు కల్లు సంగతి. మన దిక్కు కల్తీ కల్లుల అల్ప్రాజోలం, డైజిపాం అనే మత్తు మందులు కలుపుతరు. రోజూ తాగేటోళ్లకు వార్డుల చేరంగనే అది ఒక్కసారే బందయితది. రెండు మూడు రోజులల్ల చేతులు వణుకుడు, నిద్ర పట్టకపోవుడు, ఫిట్స్, లేనివి కనబడుడు మొదలైతయి. ముందే తెలిస్తే డాక్టరు గోలీలు ఇచ్చి మెల్లగ తగ్గించుకుంట వస్తరు. తెల్వకపోతే ఉన్న జబ్బే ముదిరిందనుకుంటరు. పరువుకు పోయి దాచకుండ్రి. వాడుతున్న గోలీల పట్టీలు, పాత చీటీలు తీస్కపోండి.

బట్టలు ఎలాస్టిక్‌వి మూడు జతలు చాలు. నాడా, బెల్టు, లేసుల బూట్లు, బ్లేడు, అగ్గిపెట్టె, ఛార్జరు వద్దు. తొక్కు పంపితే ప్లాస్టిక్ డబ్బాల పంపండి, గాజు సీసను రానియ్యరు. గోలీ మింగినంక నోరు తెరిపించి నాలుక కింద చూస్తరు, అవమానమనుకోవద్దని తమ్మునికి ముందే చెప్పండి. దాచి ఉమ్మేస్తే మందు పనిచేస్తలేదని మోతాదు పెంచే ప్రమాదముంటది.

సోషల్ వర్కర్:
అమ్మకు ధైర్యం చెప్పండి. 2017 మానసిక ఆరోగ్య చట్టంల 95వ సెక్షన్ కింద గొలుసులు నిషేధం. బలవంతంగ గుండు గీయొద్దని, సొంత బట్టలు వేసుకోవచ్చని 20వ సెక్షన్ల ఉన్నది. తనకో పక్కోళ్లకో అప్పటికప్పుడు హాని ఆపే దారి ఇంకోటి లేనప్పుడే, సైకియాట్రిస్ట్ అనుమతితోని మనిషిని (గొలుసులతోని గాదు) కట్టి ఉంచొచ్చు. శిక్షగ కట్టొద్దు. కట్టితే, పేషెంటు తరఫున చూసుకునెటందుకు కాగితంల పేరు రాసిచ్చిన మనిషికి, అంటే నామినేటెడ్ రిప్రజెంటేటివ్‌కు 24 గంటలల్ల చెప్పాలె. అందుకే ఆ కాగితంల ఫోన్ ఎత్తే మనిషి పేరే రాయించండి. ఆ మనిషి దరఖాస్తుతోని చేర్చుకుంటే (89వ సెక్షన్) మొదటి గడువు 30 రోజుల లోపే. ఫోన్, ములాఖత్ అతని హక్కు. వార్డు టైమింగులు అడిగి పోండి. ఎవర్నన్న చూడనంటే అదీ హక్కే, బలవంతపెట్టొద్దు.

నల్లగొండ ఆడబిడ్డ:
తమ్ముడు లిథియం (మూడ్ అదుపుల పెట్టే గోలీ) వాడుతున్నడు. అమ్మ పథ్యమని ఉప్పు లేని బువ్వ పంపుతనంటున్నది.

వార్డు నర్సు:
అస్సలొద్దు! ఉప్పు ఒక్కసారిగ తగ్గితే నెత్తుర్ల లిథియం పెరుగుతది. వాంతులు, విరేచనాలు, వణుకుడు, మాట తడబడుడు కనిపిస్తే వెంటనే నర్సుకు చెప్పాలె. రోజూ తినే ఉప్పే పెట్టండి, నీళ్లు బాగ తాగమనండి.

సోషల్ వర్కర్:
బస్సుల వస్తే ఎల్బీనగర్‌ల దిగండి. మియాపూర్ దిక్కు మెట్రో ఎక్కితే ఎక్కడా మారకుండ ఎర్రగడ్డ స్టేషన్.