కొసన మూడు పాయల కంకి: ఇది అమెరికా నాటు గడ్డి బిగ్ బ్లూస్టెమేనా? మేకలకు వేయొచ్చా?

ప్రశ్న: డాలస్‌కి ఉత్తరాన మా స్థలంలో కంచె వెంబడి ఆరడుగుల గడ్డి దుబ్బులు కట్టింది. సెప్టెంబరులో కంకులొచ్చాయి, కొసన మూడేసి పాయలు. కాడలు ఎర్రబడుతున్నాయి. మేకలకు మేపొచ్చా? ఇంకో రెండెకరాల్లో ఇదే వేయాలంటే ఎలాగండీ?

జవాబు 1: బిగ్ బ్లూస్టెమ్ లక్షణాలేనండీ. అయినా కంకి ఒక్కటే చూసి తేల్చేయకండి. బయటినుంచి వచ్చిన కె.ఆర్. బ్లూస్టెమ్‌కీ కంకి పాయలుగానే ఉంటుంది. కానీ అది మోకాలెత్తు, మహా అయితే నడుమెత్తు. కణుపుల చుట్టూ తెల్లటి నూగు ఉంటుంది. ఇండియన్ గ్రాస్ అనే మరో నాటు గడ్డి అయితే కంకి బంగారు రంగు కుచ్చులా వస్తుంది. కంకి రాకముందే పోల్చాలంటే, ఆకును కాడ నుంచి వెనక్కి వంచి మొదట్లో చూడండి. అక్కడి పొర రెండు కొమ్ముల్లా నిక్కి ఉంటే ఇండియన్ గ్రాస్. పొట్టిగా, అంచు చీలికలతో ఉంటే బిగ్ బ్లూస్టెమ్.

జవాబు 2: బిగ్ బ్లూస్టెమ్ మేకలకు మంచి మేతే. భయమంతా పక్కన కలిసి పెరిగే జాన్సన్ గ్రాస్‌తో. అది మన జొన్న జాతిదే: ఆకు నడిమి ఈనె తెల్లగా, భూమిలో లావుపాటి దుంపవేళ్లు. మంచు పడి వాడినప్పుడూ, కోశాక లేత పిలకలు వేసినప్పుడూ జొన్న నాములో (కోశాక వచ్చే లేత జొన్న పిలకల్లో) ఉండే విషమే దీనిలోనూ పుడుతుంది. గట్టి మంచు పడ్డాక కనీసం వారం పదిరోజులు అటు తోలకండి. స్విచ్ గ్రాస్ అనే ఇంకో ఎత్తు గడ్డి కూడా మేకలకు పడదు, ఎండలో చర్మం, మూతి పుండ్లవుతాయి. బిగ్ బ్లూస్టెమ్‌నైనా 6–8 అంగుళాలు మిగిల్చి మేపాలి. మొదలంటా కొరికిస్తే దుబ్బు చచ్చిపోతుంది.

జవాబు 3: విత్తే సంగతి. ఎకరానికి 8 పౌండ్ల మొలకెత్తే శుద్ధ విత్తనం కావాలి. సంచి మీద ఆ శాతం 60 ఉంటే 13 పౌండ్లకు పైగా కొనాలన్నమాట. లోతు పావు నుంచి అర అంగుళం, అంతే. ఇంకా లోతుకు పోతే మొలక పైకి రాలేదు. దుక్కి గుల్లగా ఉండకూడదు. నడిస్తే అడుగు అర అంగుళానికి మించి దిగకూడదు. గింజకు నూగు, ముళ్లు ఉండటంతో మామూలు విత్తనాల డ్రిల్లు (విత్తే యంత్రం) గొట్టాల్లో ఇరుక్కుపోతుంది. నూగు గింజల పెట్టె ఉన్న డ్రిల్లు అద్దెకు తీసుకోండి.

మళ్లీ ప్రశ్న: విత్తేటప్పుడే యూరియా వేయమంటారా?

జవాబు 3: మొదటి ఏడాది అసలు వద్దండీ, ఆ బలమంతా కలుపు లాగేస్తుంది. ఈ గడ్డి ఆ ఏడు వేళ్లే పెంచుకుంటుంది, పైకి సన్నగా కనబడుతుంది. మొలవలేదనుకుని దున్నేస్తుంటారు, అదే పెద్ద నష్టం. కలుపు అడుగు దాటినప్పుడల్లా 6–8 అంగుళాల ఎత్తులో కోసేయండి. మేకల్ని రెండో ఏడు చివరిదాకా దూరంగా ఉంచండి. ఎండుగడ్డికైతే మూడో ఏట, కంకి పొట్టలో ఉండగానే కోయాలి. కంకి బయటపడితే కాడ ముదిరి మేకలు వదిలేస్తాయి.