సీనియర్ మెంబర్ అప్లికేషన్‌కి మూడో రిఫరెన్స్ ఎలా?

పవర్ ఎలక్ట్రానిక్స్ డిజైన్‌లో 11 ఏళ్లుగా పనిచేస్తున్నాను. ఐఈఈఈ (ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్ ఇంజనీర్ల అంతర్జాతీయ సంస్థ)లో సీనియర్ మెంబర్ గ్రేడ్‌కి అప్లై చేద్దామనుకుంటున్నాను. 10 ఏళ్ల అనుభవం, అందులో కనీసం 5 ఏళ్లు చెప్పుకోదగ్గ పని ఉండాలన్న షరతులు సరిపోయాయి. చిక్కల్లా రిఫరెన్సులే. సీనియర్ మెంబర్ లేదా ఆపై గ్రేడ్‌లో ఉన్న ముగ్గురు రాయాలి. నాకు ఇద్దరే దొరికారు, ఇద్దరూ పాత సహోద్యోగులే.

మూడో వ్యక్తి కోసం ఆరు వారాల్లో తొమ్మిది మందికి రెజ్యూమే జతచేసి మెయిల్ పెట్టాను. జవాబిచ్చింది ఇద్దరు. ‘మీ పని మాకు తెలియదు కదా, ఎలా రాస్తాం?’ అన్నారు. వాళ్లన్నది న్యాయమే. రెండు సెమినార్లకు వెళ్లినా పలకరింపుల దగ్గరే ఆగిపోయింది. మూడు నెలల్లో ప్రమోషన్ రివ్యూ ఉంది, అందుకే టెన్షన్. అలాగని మొక్కుబడిగా రాయించుకోవడం నాకిష్టం లేదు.

ముందు పరిచయం లేని సీనియర్ మెంబర్‌కి మీ పని ఎలా చూపించి, రిఫరెన్స్‌కి ఒప్పించారు?