జర్మనీలోని కెమ్నిట్స్‌లో ఎంఎస్: అక్టోబరులో దిగే తమ్ముడికి

ప్రశ్న:
నమస్తే అన్నయ్యలూ, అక్కలూ. మాది గుంటూరు దగ్గర, బీటెక్ ఈసీఈ. కెమ్నిట్స్ టెక్నికల్ యూనివర్సిటీలో ఎంబెడెడ్ సిస్టమ్స్‌కి అడ్మిషన్ వచ్చింది, వీసా కూడా చేతికొచ్చింది. లోను మీద వస్తున్నాను కాబట్టి దిగిన వెంటనే ఏదో ఒక పార్ట్‌టైమ్ చూసుకోవాలని ఉంది. జర్మన్ భాషలో మొదటి మెట్టు, ఏ1, సగంలో ఆగింది. క్లాసులు ఇంగ్లీషులోనే కదా, భాష అక్కడికొచ్చాక చూసుకోవచ్చా? చదువు, పని, తర్వాత ఉద్యోగం, వీటిలో ఏది ముందు పెట్టుకోవాలో అర్థం కాక టెన్షన్‌గా ఉంది.

జవాబు:
తమ్ముడూ, అభినందనలు. ముందు భాష సంగతి చెప్తా, అందరూ వాయిదా వేసేది దాన్నే కాబట్టి. క్లాసులు ఇంగ్లీషులోనే, నిజమే. బ్యాంకు ఉత్తరాలు, డాక్టరు అపాయింట్‌మెంట్లు, ఇవన్నీ ఫోన్లో అనువాదం చూసుకుంటూ ఎలాగోలా నెట్టుకురావచ్చు. ఉద్యోగం దగ్గర అలా కుదరదు. ఇక్కడి చిన్న, మధ్య తరహా కంపెనీల్లో మీటింగులు జర్మన్‌లోనే నడుస్తాయి, ప్రకటన ఇంగ్లీషులో ఉన్నా కింద ఎక్కడో బీ2 (ఏ1, ఏ2, బీ1 తర్వాతి మెట్టు) కావాలని రాసి ఉంటుంది. అందుకే ఏ1 పూర్తి చేసుకుని, వీలైతే ఏ2 మొదలుపెట్టి విమానం ఎక్కు. హైదరాబాద్‌లో జర్మన్ నేర్పే గోథే సెంట్రుమ్ ఉంది, అంత దూరం కుదరకపోతే ఆన్‌లైన్‌లోనైనా సరే, రోజూ గంట కేటాయించు. ఇక్కడ యూనివర్సిటీ భాషా కేంద్రంలో కోర్సులు ఉంటాయి, రిజిస్ట్రేషన్ తెరిచిన రోజే పేరు ఇచ్చెయ్. మూడో సెమిస్టర్ నాటికి బీ1 దాటాలని పెట్టుకో, ఇంటర్న్‌షిప్ కోసం, థీసిస్ కోసం కంపెనీలకి రాయడం మొదలయ్యేది అప్పుడే.

ఇక చదువు. మన దగ్గర మిడ్‌లు, ఇంటర్నల్ మార్కులు, అటెండెన్స్, ఏదో ఒకటి వెనక నుంచి తరుముతూ ఉంటుంది. ఇక్కడ చాలా సబ్జెక్టులకి సెమిస్టర్ చివర్లో ఒక్కటే పరీక్ష, మార్కులన్నీ దానికే, క్లాసుకి ఎందుకు రాలేదని అడిగేవాళ్ళు ఎవరూ ఉండరు. సెమిస్టర్‌కి 30 క్రెడిట్లు, ఒక్కో క్రెడిట్‌కి 25 నుంచి 30 గంటల పని అని లెక్క. అది క్లాసుల్లో కూర్చునే సమయం మాత్రమే కాదు, ఇంట్లో, లైబ్రరీలో నువ్వు చదువుకునేది కూడా కలిపి. దీనికి తోడు పరీక్ష రాయడానికి విడిగా నమోదు చేసుకోవాలి, ఆ గడువు పరీక్షకి చాలా ముందే అయిపోతుంది, దాటిపోతే ఎంత చదివినా ఆ విడత కూర్చోలేవు. మార్కుల పద్ధతి కూడా తిరగేసి ఉంటుంది: 1.0 అన్నిటికన్నా మంచిది, 4.0 దాకా పాస్, 5.0 ఫెయిల్. సప్లీలు మన దగ్గరలా ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు రాయనివ్వరు. సాధారణంగా ఒక సబ్జెక్టుకి మొత్తం మూడు అవకాశాలు, మూడోది కూడా పోతే ఆ కోర్సులోంచే పేరు తీసేస్తారు, నీ రెసిడెన్స్ పర్మిట్ ఆ చదువు మీదే నిలబడి ఉంటుంది. ప్రూఫుంగ్స్‌ఓర్డ్‌నుంగ్ అని నీ కోర్సుకి పరీక్షల నియమావళి ఉంటుంది, సీనియర్ ఎవరో చెప్పింది నమ్మకుండా వచ్చిన వారంలోనే దాన్ని నువ్వే చదువు.

ఇంకొకటి, దీని గురించి మనవాళ్ళలో చాలామంది పట్టించుకోరు. ఫలితాలు వచ్చాక దిద్దిన పేపరు చూసుకునే రోజు ఉంటుంది, ఐన్‌జిష్ట్ అంటారు. పాసైనవాళ్ళు అవసరం లేదనుకుంటారు, ఫెయిలైనవాళ్ళు మొహమాటపడి ఆగిపోతారు. నువ్వు వెళ్ళు. జవాబు ఎలా రాస్తే ఇక్కడ మార్కులు పడతాయో అక్కడ తెలిసినంతగా ఇంకెక్కడా తెలియదు, మార్కుల లెక్కలో పొరపాటు కనిపిస్తే మర్యాదగా అడగొచ్చు కూడా.

ఇంకో జవాబు:
అన్న చదువు గురించి చెప్పారు, నేను మిగతావి త్వరగా చెప్పేస్తా బాబూ. స్టూడెంటెన్‌వెర్క్ (విద్యార్థుల హాస్టళ్ళు నడిపే సంస్థ) హాస్టల్‌కి ఇంకా అప్లై చెయ్యకపోతే ఈరోజే చెయ్యి, రైషెన్‌హైనర్ ష్ట్రాసెలో ఉన్నవి క్యాంపస్‌కి దగ్గర. బయట రూమ్ చూసుకుంటే మాత్రం చూడకుండా, కాగితం మీద సంతకం లేకుండా అడ్వాన్సు పంపొద్దు. తాళాలు కొరియర్‌లో పంపిస్తాను అనే ఓనరు ఎవరైనా సరే మోసమే. రూమ్‌లోకి దిగిన రెండు వారాల్లో టౌన్ ఆఫీసులో అడ్రస్ నమోదు చేసుకోవాలి, దానికి ఓనరు సంతకం చేసిన కాగితం కావాలి, అది ఇవ్వను అనేవాళ్ళ ఇంట్లో దిగొద్దు.

హెల్త్ ఇన్సూరెన్స్ విషయంలో ఏజెంట్లు ప్రైవేటుది చవక అని అంటగడతారు. 30 ఏళ్ళ లోపు వాడివి కాబట్టి ప్రభుత్వ ఇన్సూరెన్స్ విద్యార్థి రేటుకే వస్తుంది. ఒకసారి దాన్ని వద్దని రాసిచ్చి ప్రైవేటుకి వెళ్ళావంటే చదువు అయ్యేదాకా వెనక్కి రానివ్వరు. నెలకి కొంచెం ఎక్కువైనా ప్రభుత్వానిదే తీసుకో.

ప్రశ్న అడిగిన తమ్ముడు:
చాలా థాంక్స్ అన్నా, అక్కా. మా సీనియర్ ఒకాయన ఫుడ్ డెలివరీలో చేరితే నెలకి బాగానే మిగులుతుంది, మొదటి నెల నుంచే ఇంటికి పంపొచ్చు అంటున్నాడు. చేరమంటారా?

మళ్ళీ మొదటి జవాబిచ్చిన అన్న:
మొదటి సెమిస్టర్‌లో వద్దు తమ్ముడూ. ఇంట్లో అప్పు బరువు ఎలా ఉంటుందో నాకు తెలుసు, అందుకే లెక్క వేసి చెప్తున్నా. వీసా కోసం ఖర్చుల డబ్బు ముందే వేసే బ్లాక్డ్ అకౌంట్‌లో 11,904 యూరోలు పెట్టి వస్తున్నావు కదా, నెలకి 992 చొప్పున చేతికొస్తుంది. మ్యూనిక్‌లో అది అద్దెకే చాలా వరకు పోతుంది. కెమ్నిట్స్‌లో అద్దెలు తక్కువ, వంట చేసుకుని, మధ్యాహ్నం మెన్సాలో (యూనివర్సిటీ క్యాంటీన్) తింటే ఆ డబ్బుతో ఏడాది గడుస్తుంది. ఆ ఏడాది నీకు దొరికిన వెసులుబాటు, దాన్ని డెలివరీకి ఇచ్చెయ్యకు. లోను కాగితాల్లో మారటోరియం (కిస్తీలు కట్టక్కర్లేని గడువు) ఎప్పటిదాకా ఉందో, మధ్యలో వడ్డీ కట్టాలో లేదో ఇప్పుడే నాన్నగారితో కూర్చుని చూసుకో.

పని గంటలకి కూడా చట్టంలో పరిమితి ఉంది. ఏడాదికి 140 పూర్తి రోజులు లేదా 280 సగం రోజులు, 2024 మార్చికి ముందు ఇది 120, 240గా ఉండేది. డెలివరీ యాప్‌లలో కొన్ని ఉద్యోగి అని కాకుండా స్వతంత్రంగా పని చేసేవాడిలా కాంట్రాక్టు ఇస్తాయి, స్టూడెంట్ పర్మిట్ మీద విడిగా అనుమతి లేకుండా అది చెయ్యకూడదు. వేరేవాళ్ళ పేరు మీద అకౌంట్ వాడటం అయితే అసలే వద్దు, పట్టుబడితే పోయేది నీ పర్మిట్.

మరి ఏం చెయ్యాలి? రెండో సెమిస్టర్ నుంచి హివి పని కోసం అడుగు. ప్రొఫెసర్ దగ్గరో ల్యాబ్‌లోనో సహాయకుడిగా చేసే ఉద్యోగం అది, ఆ పని ఈ 140 రోజుల లెక్కలోకి రాదు, ఈ సంగతి చాలామందికి తెలియదు. నీ సబ్జెక్టు నేర్పే ల్యాబ్‌లు ఏవో వెతికి, వాళ్ళు చేస్తున్నది చదివి, నీకు వచ్చిన సీ ప్రోగ్రామింగో మైక్రోకంట్రోలర్ పనో రెండు పేరాల్లో రాసి మెయిల్ పెట్టు. జవాబు రాకపోతే వాళ్ళు విద్యార్థుల్ని కలిసే గంటల్లో నేరుగా వెళ్ళి అడుగు, తప్పుగా అనుకోరు. తర్వాత కంపెనీలో వెర్క్‌ష్టుడెంట్‌గా, అంటే చదువుతూనే పార్ట్‌టైమ్‌గా చేరు, క్లాసులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటల లోపు. ఆ కంపెనీలోనే థీసిస్ దొరికితే చాలా మంచిది, ఇక్కడ మొదటి ఉద్యోగాలు చాలావరకు అలా లోపలి పరిచయంతోనే వస్తాయి.

రెజ్యూమే గురించి గట్టిగా చెప్తున్నా, కోపం తెచ్చుకోకు. అమీర్‌పేటలో కొన్న ప్రాజెక్టు, లేని కంపెనీలో రెండేళ్ళ అనుభవం, ఇవి పెట్టొద్దు. ఇక్కడ పాత కంపెనీ ఇచ్చిన అర్బైట్స్‌సోయ్‌గ్నిస్, అంటే పని సర్టిఫికెట్, అడుగుతారు, ఇంటర్వ్యూలో ఆ పని చేసే ఇంజనీరే ఎదురుగా కూర్చుని ఒక్కో లైన్ విప్పమంటాడు. మన వాళ్ళ పేరు మీద ఇప్పటికే అనుమానం ఉన్న చోట్లు ఉన్నాయి, నీ తర్వాత వచ్చేవాళ్ళకి కూడా అది నష్టం. సొంతంగా చేసిన చిన్న బోర్డు, పని చేసే కోడ్, దాని గురించి నువ్వే రాసిన ఒక పేజీ, ఇవి చాలు.

కార్ల కంపెనీల మీదే ఆశ పెట్టుకోవద్దు. ఫోక్స్‌వాగన్ జర్మనీలో 2030 నాటికి 35,000కి పైగా ఉద్యోగాలు తగ్గించడానికి 2024 డిసెంబరులో యూనియన్‌తో ఒప్పందం చేసుకుంది, కెమ్నిట్స్‌కి దగ్గర్లోని జ్వికావ్ ప్లాంటు వాళ్ళదే. పక్కనే డ్రెస్డెన్‌లో చిప్‌ల పరిశ్రమ ఉంది, ఇన్ఫినియాన్, గ్లోబల్‌ఫౌండ్రీస్, బాష్ ఫ్యాక్టరీలు అక్కడే, నీ కోర్సుకి సరిపోయే పనులు ఉంటాయి. రైల్వే, మెడికల్ పరికరాల కంపెనీలు కూడా చూడు. డిగ్రీ అయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలల పర్మిట్ ఇస్తారు, చాలా సమయం అనిపిస్తుంది గానీ, భాష, అనుభవం రెండూ లేకుండా ఆ 18 నెలలు మొదలుపెట్టినవాళ్ళు పడే కష్టం నేను దగ్గర నుంచి చూశాను, నీకు ఆ పరిస్థితి రాకూడదు.

టికెట్ ఇంకా తీసుకోకపోతే సెప్టెంబరు చివరికల్లా దిగేలా చూసుకో, కొత్తవాళ్ళకి పెట్టే పరిచయ కార్యక్రమాలు పోనివ్వకు. హాస్టల్ నుంచి జవాబు రాగానే ఇక్కడే రాయి, దిగే రోజు స్టేషన్‌కి ఎవరు రాగలరో చూస్తాం.