వెర్మాంట్ కవర్డ్ బ్రిడ్జిల మీద కార్లు ఆపేయాలా, వద్దా?

నాషువా తెలుగోడు:
అక్టోబర్ వస్తే బోస్టన్, మా న్యూహాంప్‌షైర్‌లోని నాషువా మనవాళ్లందరం ఆకుల రంగులు చూడటానికి వెర్మాంట్ బయల్దేరతాం కదా. ఈసారి మా గ్రూప్‌లో ఒక వాదన మొదలైంది, ఇంకా తేలలేదు. అక్కడ వంద దాకా పాత చెక్క కవర్డ్ బ్రిడ్జిలు, అంటే పైకప్పు, పక్క గోడలు ఉన్న వంతెనలు ఉన్నాయి. చాలావాటి మీద ఇప్పటికీ కార్లు తిరుగుతున్నాయి. లిండన్ ఊళ్లో 1878 నాటి మిల్లర్స్ రన్ బ్రిడ్జినైతే బాక్స్ ట్రక్కులు మళ్లీ మళ్లీ గుద్దేస్తున్నాయి. ఎత్తు ఎంతో బోర్డు పెట్టినా, జీపీఎస్ దారి చూపించింది కదా అని దూరిపోతున్నారు. వీటి మీద మోటారు బండ్లు పూర్తిగా ఆపేసి, నడిచి చూసేవాళ్లకు వదిలేయాలని నా అభిప్రాయం. మీరేమంటారు?

చెక్కపని:
వద్దండీ. ట్రక్కులు ఆపండి, కార్లు ఎందుకు ఆపాలి? అవి బండ్ల కోసమే కట్టినవి. పైకప్పు కూడా అందానికి వేసింది కాదు. బరువు మోసేది పక్కనున్న ట్రస్సు, అంటే చెక్కలతో అల్లిన చట్రం. దానికి వాన, మంచు తగులుతూ ఉంటే పది, ఇరవై ఏళ్లలో పుచ్చిపోతుంది. కప్పు, పక్కలకు పలకలు వేస్తే అదే చెక్క నూటయాభై ఏళ్లు నిలబడింది.

ఇథియల్ టౌన్ అనే ఆర్కిటెక్ట్ 1820లో జాలీ అల్లికలాంటి ట్రస్సుకు పేటెంట్ తీసుకున్నాడు. పెద్ద దూలాలు అక్కర్లేదు. మామూలు పలకలు ఏటవాలుగా అడ్డదిడ్డం పేర్చి చెక్క మేకులు దిగ్గొడితే చాలు, ఊళ్లో వడ్రంగులే కట్టేసేవాళ్లు. అడుగుకు ఒక డాలర్ రాయల్టీ, చెప్పకుండా కట్టేసినవాళ్ల దగ్గర రెండు డాలర్లు వసూలు చేసేవాడంటారు! న్యూహాంప్‌షైర్, వెర్మాంట్‌ల మధ్య కనెక్టికట్ నది మీదున్న కార్నిష్-విండ్సర్ బ్రిడ్జి ఆ పద్ధతికి చుట్టమే, కాకపోతే పలకలకు బదులు దూలాలు వాడారు. 1866లో 9,000 డాలర్లతో కట్టారు, 449 అడుగులు. అదే చోట అంతకుముందు మూడు బ్రిడ్జిలు కట్టారు, ఒక్కటీ మిగల్లేదు. ఇది మాత్రం ఈ రోజుకీ రెండు వైపులా కార్లను మోస్తోంది.

నాషువా తెలుగోడు:
దాని గుమ్మం మీదున్న బోర్డు చూశారా? గుర్రాలను నడకతోనే పోనివ్వండి, లేదంటే రెండు డాలర్ల జరిమానా అని. ఆ రోజుల్లోనే పరుగెత్తే గుర్రానికి భయపడ్డారు, మీరేమో ఎస్‌యూవీలు పోనివ్వమంటున్నారు. పైగా చలికాలంలో మంచు కరగడానికి రోడ్డు మీద చల్లే ఉప్పు, బురద టైర్లతో లోపలికి వస్తాయి. రెండు కొసల దగ్గర అది పేరుకుని, తేమ పట్టి, కింది దూలాలు కుళ్లుతాయి. గుర్రాల కాలంలో ఉప్పు ఎక్కడిది? స్లెడ్జి బండ్లు జారడానికి బ్రిడ్జి లోపల మంచు తెచ్చి పోసేవాళ్లట, అంతే.

చెక్కపని:
ఉప్పు మాట నిజమే, ఒప్పుకుంటాను. కానీ ఆ బురద తుడిచేది ఎవరు? రోడ్డు నడుస్తున్నంత కాలం ఊరి రోడ్ల శాఖ తుడుస్తుంది. రోడ్డు మూసేస్తే తుడవడానికి డబ్బు అడిగే నాథుడే ఉండడు.

రాజమండ్రి రేవు:
అక్షరాలా మా హేవ్‌లాక్ వంతెన సంగతే ఇది. 1900లో తెరిచారు, 1997లో రైళ్లు ఆపేశారు. అప్పటినుంచీ పర్యాటక కేంద్రం చేస్తారన్న కబుర్లు వింటూనే ఉన్నాం. చెక్కది కాదు, వెర్మాంట్‌కు సంబంధమూ లేదు, అయినా చెప్పకుండా ఉండలేకపోయా.

హడ్సన్ ఒడ్డు:
వరద సంగతి ఎవరూ ఎత్తలేదేం? 2011 ఆగస్టులో ఐరీన్ తుపాను వచ్చినప్పుడు రెండు పేరున్న కవర్డ్ బ్రిడ్జిలు కొట్టుకుపోయాయి. వెర్మాంట్‌లో బార్టన్స్‌విల్ బ్రిడ్జి, 1870 నాటిది, కార్లు నడుస్తున్నది. అది నీళ్లలో పడిపోతున్న వీడియో మీలో చాలామంది చూసే ఉంటారు. రెండోది మా న్యూయార్క్‌లో బ్లెన్‌హైమ్ బ్రిడ్జి, 1855 నాటిది. దాని మీద బండ్లు ఆపేసి అప్పటికే దశాబ్దాలైంది, నడిచేవాళ్లకు మాత్రమే. వరద రెండింటినీ ఒకేలా చూసింది.

తేడా తర్వాత తెలిసింది. బార్టన్స్‌విల్ 2013 జనవరికల్లా మళ్లీ చెక్కతో, అదే అల్లికతో తయారై బండ్లకు తెరుచుకుంది. బ్లెన్‌హైమ్‌కు 2018 దాకా పట్టింది. ఒకటి జనానికి రోజూ కావాల్సిన దారి, ఇంకోటి చూసి ఆనందించే వస్తువు. నాషువా గారూ, మీరు అడిగేది మొదటిదాన్ని రెండోదానిలా మార్చేయమని.

నాషువా తెలుగోడు:
ఆ పోలిక సరికాదు. బ్లెన్‌హైమ్ మధ్యలో స్తంభం లేకుండా 200 అడుగులు దాటిన బ్రిడ్జి, కట్టడం మామూలు పని కాదు. బార్టన్స్‌విల్ దానికంటే చిన్నది. అంతా దారి అవసరం వల్లే అంటే ఎలా? అసలు కొట్టుకుపోయాక కొత్త చెక్కతో కట్టినదాన్ని ఇంకా చారిత్రకం అంటామా? బ్లెన్‌హైమ్‌కు ఉన్న జాతీయ చారిత్రక హోదా తీసేశారు కదా.

హడ్సన్ ఒడ్డు:
సైజు మాట ఒప్పుకుంటా. హోదా పోవడం కూడా న్యాయమే. కానీ దాని కోసం బ్రిడ్జి కట్టరు కదండీ, ఏరు దాటడానికి కడతారు.

మొక్కజొన్న:
ఇండియానా నుంచి ఒక మాట. మా దగ్గర పార్క్ కౌంటీలో ముప్పై పైచిలుకు కవర్డ్ బ్రిడ్జిలు, వాటి పేరున 1957 నుంచి ప్రతి అక్టోబర్‌లో పండగ. అందులో 1868 నాటి బ్రిడ్జిటన్ బ్రిడ్జిని 2005లో ఎవరో తగలబెట్టారు. మరుసటి ఏడాదికల్లా మళ్లీ కట్టుకున్నారు. అయోవాలో సీడర్ బ్రిడ్జికి 2002లో ఒకసారి, 2017లో ఇంకోసారి నిప్పు పెట్టారు. ఎండు చెక్క, పైన కప్పు, చుట్టూ పొలాలు, రాత్రి మనిషి అలికిడి ఉండదు. నా భయం ట్రక్కు కంటే అగ్గిపుల్ల మీదే ఎక్కువ. గంటకో కారు వస్తూ పోతూ ఉంటే ఆ పని చేసేవాడికి కాస్త జంకు ఉంటుంది. ఇది నా ఊహే, రుజువు అడక్కండి.

స్టోవ్ చలి:
వెర్మాంట్‌లో మా స్టోవ్ ఊరి గోల్డ్ బ్రూక్ బ్రిడ్జికైతే ఎమిలీ అనే దెయ్యం కాపలా ఉందట :) 1844 నాటిది. రాత్రిళ్లు దాన్ని చూడటానికి కుర్రాళ్లు కార్లేసుకుని వస్తారు, కాబట్టి అలికిడికి లోటు లేదు.

సరే, సీరియస్‌గా ఒక్క మాట. సమస్య బ్రిడ్జి దాటే స్థానికుల కారు కాదు, మన కార్లు. బ్రిడ్జి నోట్లో బండి ఆపి, తలుపులు తెరిచి, ఫ్యామిలీ మొత్తం దిగి పావుగంట ఫొటోలు. వెనక స్కూల్ బస్సు, పాల ట్యాంకర్ ఆగిపోయి ఉంటాయి. పామ్‌ఫ్రెట్‌లో ఒక ప్రైవేటు ఫార్మ్ ఇన్‌స్టాగ్రామ్‌లో పేరు తెచ్చుకున్నాక జనం తాకిడి ఎంత ముదిరిందంటే, 2023లో ఆకుల సీజన్‌లో ఆ రోడ్డునే బయటివాళ్లకు మూసేశారు. బ్రిడ్జిలకూ ఆ గతి పట్టకముందే మనం కాస్త సర్దుకోవడం మంచిది.

చెక్కపని:
దీనితో నూటికి నూరు శాతం ఏకీభవిస్తా. నా లెక్క ఇదీ: ఊరివాళ్ల కార్లు, చిన్న బండ్లు నడవనివ్వాలి. బ్రిడ్జికి చాలా ముందే, వెనక్కి తిప్పుకునే చోటు ఉన్న దగ్గర, అడ్డంగా ఎత్తు కడ్డీ కట్టాలి. ట్రక్కు దానికి తగిలి ఆగాలి గానీ బ్రిడ్జికి కాదు. జీపీఎస్ కంపెనీలు ఆ రోడ్లను ట్రక్కులకు చూపించడం మానేయాలి. చూడటానికి వచ్చే మనలాంటివాళ్లు బండి దూరంగా పెట్టి నడవాలి. నడిస్తేనే ఆ ట్రస్సు, చెక్క మేకులు కనిపిస్తాయి, కార్లోంచి కనిపించేది చీకటే.

నాషువా తెలుగోడు:
ఎత్తు కడ్డీకి సరే. చలికాలం నాలుగు నెలలూ ఉప్పు చల్లే రోడ్ల మీదున్న బ్రిడ్జిలనైనా కార్లకు మూయాలన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను. పక్కన ఇంకో వంతెన ఉన్న చోటైతే మరీను. సరే, కార్నిష్-విండ్సర్ చూసొస్తే దాన్ని వెర్మాంట్ లిస్టులో వేసుకోవచ్చా?

హడ్సన్ ఒడ్డు:
వేసుకోకండి, కొట్లాటవుతుంది. అక్కడ కనెక్టికట్ నది దాదాపు మొత్తం న్యూహాంప్‌షైర్‌దే, సరిహద్దు వెర్మాంట్ ఒడ్డు దగ్గర. బ్రిడ్జి బాగోగులు చూసేదీ న్యూహాంప్‌షైరే, 1943 దాకా టోల్ కూడా ఉండేది. అంటే మీ రాష్ట్రం బ్రిడ్జేనండీ, మూయించాలనుకుంటే ముందు మీ ఎమ్మెల్యేకే రాయండి.