మా ఊరి పెద్దవాళ్లకు ఫ్లూ, న్యుమోనియా టీకాలు: ఎవరి చేత, ఎలా చెప్పించాలి?

ప్రశ్న (గ్రామ గ్రంథాలయ సంఘం కార్యదర్శి, గుంటూరు జిల్లా)

మాది సుమారు ఆరు వందల గడపలున్న ఊరు. చదువుకున్న పిల్లల్లో ఎక్కువమంది హైదరాబాదులోనో, బెంగళూరులోనో, అమెరికాలోనో స్థిరపడిపోవడంతో చాలా ఇళ్లలో అరవై దాటిన వాళ్లు మాత్రమే మిగిలారు. గత ఏడాది వానాకాలంలో మా ఒక్క వీధిలోనే ముగ్గురు పెద్దవాళ్లకు జలుబు, జ్వరంతో మొదలై నెమ్ము చేరి, ఆసుపత్రిలో ఉంచవలసి వచ్చింది. వారిలో మా మేనత్తగారు ఒకరు. పన్నెండు రోజుల తరువాత ఆమె ఇంటికి వచ్చారు గాని, అంతకు ముందు తన స్నానానికి నీళ్లు తానే తోడుకున్న మనిషి ఇప్పుడు గోడ పట్టుకుని నడుస్తున్నారు. ఏటా ఫ్లూ టీకా, దానితోపాటు న్యుమోనియా టీకా వేయించి ఉంటే జబ్బు ఇంతగా ముదిరే ప్రమాదం తగ్గి ఉండేదని అక్కడి డాక్టరుగారు చెప్పినప్పుడు, పెద్దవాళ్లకు కూడా అటువంటి టీకాలు ఉంటాయని నాకు మొదటిసారి తెలిసింది.

ఈ ఏడాది వానలు పడకముందే మా సంఘం తరఫున ఒక శిబిరం ఏర్పాటు చేయాలని అనుకున్నాము. ఖర్చులో సగం ఊరి నుంచి వెళ్లిన పిల్లలు భరిస్తామన్నారు. అయితే గ్రంథాలయం దగ్గర, రామాలయం దగ్గర ప్రకటన అంటించి రెండు వారాలైనా వచ్చిన పేర్లు పదకొండే, అందులోనూ ఏడుగురు విశ్రాంత ఉపాధ్యాయులు, ఉద్యోగులు. నేను స్వయంగా వెళ్లి అడిగితే, “కాటికి కాళ్లు చాపుకున్నదాన్ని, నాకెందుకు నాయనా, ఆ డబ్బేదో పిల్లలకు ఖర్చుపెట్టండి” అని ఒక పెద్దమ్మగారు అన్నారు. “కరోనాకు రెండు సూదులు పొడిపించుకున్నాం కదా, ఇంకా ఎన్ని?” అని మరొక బాబాయిగారు అడిగారు. ఇద్దరికీ సరైన జవాబు చెప్పలేక తిరిగి వచ్చాను. ఈ పనిలో అనుభవమున్న వారు దయచేసి దారి చూపగలరు.

జవాబు 1 (ఏఎన్‌ఎంగా చేరి ఆరోగ్య పర్యవేక్షకురాలిగా విశ్రాంతి తీసుకున్నాను, ప్రకాశం జిల్లా)

కార్యదర్శిగారికి నమస్కారం. గోడ మీది కాగితం చదివేవాళ్లు మీ పదకొండుమందే కనుక వాళ్లే వచ్చారు. మీరు ముందుగా చేయవలసినది ఇంటింటి జాబితా. ఏ ఇంట్లో అరవై దాటినవాళ్లు ఎందరు, వారిలో షుగరు, బీపీ, ఆయాసం, గుండెజబ్బు ఉన్నవాళ్లెవరు, తోడు లేకుండా గడప దాటలేనివాళ్లెవరు అన్నది మీ ఊరి ఆశా కార్యకర్తకు నోటికి వచ్చు. ఆమెను వెంటబెట్టుకుని వెళ్లండి, కాని మాట్లాడే పని ఆమెకే వదిలేయండి. ఏళ్ల తరబడి ఆ ఇళ్లలో కాన్పులకు తోడున్న మనిషి మాటకూ, మీరు ఎంత మంచివారైనా మీ మాటకూ తేడా ఉంటుంది.

“నాకెందుకు నాయనా” అన్న మాటను నిరాకరణగా తీసుకోకండి. నా ఉద్యోగకాలంలో ఆ మాట కొన్ని వందలసార్లు విన్నాను. అరుగు మీద పది నిమిషాలు కూర్చుంటే దాని కింద ఉన్న అసలు మాట బయటకు వస్తుంది. 2021 మార్చి 1 నుంచి అరవై దాటినవారికి కరోనా టీకా ఇవ్వడం మొదలైనప్పుడు, డెబ్బై దాటిన ఒక అవ్వ నన్ను మూడుసార్లు వెనక్కి పంపింది. నాలుగోసారి వెళ్లి ఏమీ అడగకుండా ఆమెతో కలిసి చింతపండు గింజలు తీస్తూ కూర్చున్నాను. అప్పుడు చెప్పింది: “కోడలు మిరపకాయ కోతకు పోతోందమ్మా, సూది వేయించుకుని నేను రెండు రోజులు మంచం పడితే గేదెను చూసేదెవరు, నాకింత గంజి కాచి పోసేదెవరు?” ఆమె భయం సూది గురించి కాదు, ఇంట్లో వాళ్లకు బరువు అవుతానేమోనని. కోత లేని రోజు చూసి టీకా వేయించాము, ఆ సాయంత్రం ఒకసారి, మరునాడు పొద్దున ఒకసారి నేను వెళ్లి చూసి వచ్చాను. ఆ రెండు రాకపోకలను ఆ వీధి వీధంతా గమనించింది. తరువాతి వారం అదే వీధిలో పద్నాలుగుమంది వచ్చారు.

ఇంకొక సంగతి. మీ ఊళ్లో అరవై దాటిన వాళ్లలో చాలామంది భుజం మీదనో, ముంజేతి మీదనో గుండ్రటి పాత మచ్చ ఉంటుంది, అది మశూచి టీకా మచ్చ. దాని గురించి అడగండి. ఆ అవ్వను అడిగితే, తాను చిన్నపిల్లగా ఉన్నప్పుడు టీకాలాయన వస్తున్నాడంటే గాదె వెనక దాక్కున్నాననీ, నాన్న ఈడ్చుకొచ్చి పొడిపించాడనీ, పొడిపించుకోని మేనమామ కొడుకు పెద్దమ్మవారు పోసి పోయాడనీ చెప్పి, ఆ మచ్చను బొటనవేలితో తడుముకుంటూ చాలాసేపు ఊరకుండిపోయింది. మన దేశంలో మశూచి చివరి కేసు 1975లో వచ్చింది, 1980లో ప్రపంచంలోనే అది లేకుండా పోయిందని ప్రకటించారు. టీకా ఏం చేయగలదో ఆ తరం కళ్లారా చూసింది. వాళ్లకు మనం కొత్తగా నేర్పవలసింది లేదు, వాళ్లు చూసినదాన్ని వాళ్ల చేతనే చెప్పించాలి. పక్కన మనవరాలు కూర్చుని వింటే మరీ మంచిది.

ఒక హెచ్చరిక కూడా చేయాలి. 2021లో మేము పనిచేసిన ప్రాంతంలోనే ఒక చోట, టీకా వేయించుకోకపోతే పింఛను, రేషను ఆగిపోతాయని కొందరు సిబ్బంది తొందరపడి చెప్పారు. అంతే, మరునాడు మేము వెళ్లేసరికి సగం ఇళ్లకు తాళాలు వేసి ఉన్నాయి, ముసలివాళ్లు కూడా ఎండలో పొలాలకు వెళ్లిపోయారు. ఆ ఊరి నమ్మకం తిరిగి రావడానికి మాకు నెలలు పట్టింది. మన రాష్ట్రంలో ఒకటో తారీఖున పింఛను ఇంటి దగ్గరే ఇస్తారు కనుక ఆ రోజు అందరూ ఇంట్లోనే దొరుకుతారని మీకు ఆలోచన రావచ్చు. ఆ రోజు మాత్రం ఈ ప్రస్తావన తేవద్దు. పింఛను చేతికిచ్చే మనిషి నోటి నుంచి వచ్చిన ఏ సలహా అయినా పెద్దవాళ్లకు ఆజ్ఞలాగే వినిపిస్తుంది.

జవాబు 2 (ప్రభుత్వ ఉపాధ్యాయుడు, సంగారెడ్డి జిల్లా)

పై జవాబులో అమ్మగారు చెప్పినదానికి స్థలం విషయం ఒకటి చేర్చాలనిపించింది. శిబిరం రామాలయం ఆవరణలో పెట్టే ఉద్దేశం ఉంటే దయచేసి మానుకోండి. ఎవరినీ రావద్దని మీరు అనకపోయినా, ఎస్సీ కాలనీ నుంచీ, ముస్లిం వాడ నుంచీ పెద్దవాళ్లు అక్కడికి వచ్చి కూర్చోవడానికి వెనుకాడతారు, రాలేదేమని అడిగితే కాళ్లనొప్పులని చెబుతారు. పాఠశాల వరండా అందరిదీ. వీలైతే ఒక పూట పాఠశాలలో, మరొక పూట కాలనీలోనే పెట్టండి. మీ సంఘం కమిటీలో ఆ వాడల నుంచి ఎవరూ లేకపోతే, శిబిరానికి ముందు సరిచేసుకోవలసినది అదే.

మా తెలంగాణలో 2018 ఆగస్టు 15న కంటి వెలుగు మొదలైనప్పుడు మా బడిలోనే శిబిరం జరిగింది. ఎవరూ బతిమాలకుండానే ముసలివాళ్లు పొద్దున్నే వచ్చి వరసలో కూర్చున్నారు. పరీక్ష అయిన వెంటనే చదువు అద్దాలు చేతిలో పెట్టడమే దానికి కారణమని నా అభిప్రాయం. టీకాలో అలా వెంటనే కంటికి కనిపించే లాభం ఉండదు. అందుకని శిబిరంలో బీపీ, షుగరు పరీక్షలు కూడా పెట్టించి, ఫలితం కాగితం మీద రాసి, చదివి వినిపించి ఇవ్వండి. టీకా వద్దన్నవారికి కూడా ఆ పరీక్షలు అంతే మర్యాదగా చేయండి. ఈసారి పరీక్షకు మాత్రమే వచ్చినవారు వచ్చే ఏడాది సూదికి వస్తారు. కబురు మాత్రం డప్పు చాటింపుతోనూ, మహిళా సంఘాల సమావేశాల్లోనూ చెప్పించండి. అత్తను శిబిరానికి తీసుకువచ్చేది చాలాసార్లు కోడలే, ఆ కోడలు సంఘంలో ఉంటుంది.

జవాబు 3 (జనరల్ మెడిసిన్ వైద్యుడు, విజయవాడ)

బాబాయిగారి ప్రశ్న న్యాయమైనది, దానికి సూటిగానే జవాబు చెప్పాలి. కరోనా టీకా కరోనాకు మాత్రమే పనిచేస్తుంది. ఫ్లూ వేరే వైరస్, పైగా అది తరచూ రూపు మార్చుకుంటుంది కనుకనే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏడాదికి రెండుసార్లు, ఫిబ్రవరిలోనూ సెప్టెంబరులోనూ, రాబోయే కాలానికి టీకాలో ఏ రకాలు ఉండాలో సూచిస్తుంది. అందువల్ల ఫ్లూ టీకా ఏటా వేయించుకోవాలి. న్యుమోనియా టీకా అలా కాదు, అది న్యుమోకాకస్ అనే బ్యాక్టీరియా నుంచి రక్షణ ఇస్తుంది, ఏటా అవసరం లేదు. అందులో రకాలున్నాయి కనుక ఏది, ఎన్ని మోతాదులు అన్నది మనిషిని చూసి డాక్టరు నిర్ణయించాలి. రెండు టీకాలూ ఒకే రోజున వేరువేరు చేతులకు వేయవచ్చు. మన ప్రాంతంలో ఫ్లూ వానాకాలంలో ఎక్కువగా వస్తుంది, టీకా వేసిన తరువాత రక్షణ ఏర్పడటానికి సుమారు రెండు వారాలు పడుతుంది. కాబట్టి మే నెలాఖరులోగా శిబిరం పూర్తిచేయాలన్న మీ ఆలోచన సరైనదే.

చెప్పేటప్పుడు ఎక్కువ చేసి చెప్పకండి. “ఈ సూది వేయించుకుంటే ఇక జలుబే రాదు” అని ఎవరైనా అంటే, జూలైలో మొదటి తుమ్ముతోనే మీ మాట విలువ పోతుంది. జబ్బు వచ్చినా అది ముదిరి ఆసుపత్రి దాకా పోయే ప్రమాదం తగ్గుతుందని చెప్పండి, నిజం అదే. సూది వేసిన చోట నొప్పి, ఒకటి రెండు రోజులు ఒళ్లునొప్పులు, కొద్దిపాటి జ్వరం రావచ్చని ముందే చెప్పండి. సూదిగా వేసే ఫ్లూ టీకాలో బతికున్న వైరస్ ఉండదు కనుక దానివల్ల ఫ్లూ రాదు. గతంలో ఏ టీకాకైనా తీవ్రమైన అలర్జీ వచ్చినవారు, ఆ రోజు జ్వరంతో ఉన్నవారు, రక్తం పలచబడే మందులు వాడేవారు ముందుగా డాక్టరుకు చెప్పాలి.

సార్వత్రిక టీకా కార్యక్రమం ప్రధానంగా పిల్లలకూ గర్భిణులకూ ఉద్దేశించినది కనుక ఈ టీకాలను మీరు కొనవలసి వస్తుంది. కొన్నది మొదలు సూదిలోకి ఎక్కించేవరకు అవి 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలోనే ఉండాలి, గడ్డకట్టినా పాడవుతాయి. ఇంటి ఫ్రిజ్‌లో పెట్టి కరెంటు పోయిన సంగతి ఎవరూ గమనించకపోతే, మీరు వేయించేది టీకా కాదు, నీళ్లు. అందుకని ముందుగా మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యాధికారిని కలవండి. డాక్టరు సమక్షంలో, అలర్జీకి వాడే అత్యవసర మందులు దగ్గర పెట్టుకుని వేయించి, ప్రతి ఒక్కరినీ అరగంట కూర్చోబెట్టాలి. ఏ టీకా, ఏ తేదీన వేశారో రాసిన కార్డు ఇంటికి పంపాలి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. నిన్న ఆశా కార్యకర్తతో కలిసి జాబితా మొదలుపెట్టాము. రెండు వీధులకే అరవై మూడు పేర్లు వచ్చాయి. శిబిరాన్ని పాఠశాలకు మార్చాము, కమిటీలోకి కాలనీ నుంచి ఇద్దరిని ఆహ్వానించాము. మచ్చ సంగతి మా మేనత్తగారిని అడిగితే వెంటనే జాకెట్టు చేయి పైకి లాగి చూపించి, శిబిరం రోజున మొదటి కుర్చీలో తానే కూర్చుంటానన్నారు. ఒక్క సందేహం మిగిలింది. మంచం దిగలేనివారు ఇప్పటికి ఐదుగురు తేలారు. వారిని ఆటోలో తీసుకురావాలా?

జవాబు 1 వ్రాసినవారు

తీసుకురావద్దు బాబూ. శిబిరం ముగిశాక డాక్టరుగారే టీకాల పెట్టెతో ఆ ఐదు ఇళ్లకూ వెళ్లేలా ముందే మాట తీసుకోండి. 2021 నవంబరులో ఇంటింటికీ వెళ్లి కరోనా టీకాలు వేసినప్పుడు మేము అలాగే చేశాము. ఒక్కొక్క ఇంట్లో అరగంట ఆగాలి కనుక ఐదు ఇళ్లకు మూడు గంటలు పడుతుంది. మధ్యాహ్నం రెండు గంటలకల్లా బయలుదేరితే దీపాలు పెట్టే వేళకు పూర్తవుతుంది. వెళ్లే ముందు ఆ ఇళ్లకు కబురు చేయండి, మంచం పట్టిన మనిషికి ఉతికిన బట్టలు కట్టి కూర్చోబెట్టుకునే వ్యవధి వాళ్లకు ఉండాలి.